ఒక పక్క తుపాకీ, ఇంకో పక్క పప్పు ధర: ఎన్నికైన ప్రభుత్వం ముందు దేన్ని పట్టుకోవాలి?

కొండగాలి (పార్వతీపురం):
మావోయిస్టుల కథ ముగిసిందని టీవీలన్నీ చెబుతున్నాయి. కేంద్రం 2026 మార్చి 31 గడువు పెట్టుకుంది. 2025 మేలో ఛత్తీస్‌గఢ్ అబూజ్‌మఢ్‌లో వాళ్ల అగ్రనేత నంబాల కేశవరావు, నవంబరులో మారేడుమిల్లి అడవిలో ఇంకో పెద్ద నాయకుడు హిడ్మా చనిపోయారు. అదే తెర మీద కింద కందిపప్పు, నూనె ధరలు పరుగెడుతుంటాయి. పై వార్త హోం శాఖది, కిందది పౌర సరఫరాల శాఖది. చూసేవాళ్లు కూడా వాటిని రెండు వేర్వేరు సంగతులుగానే చూస్తారు.

మా వైపు అవి ఎప్పుడూ వేరుగా లేవు. శ్రీకాకుళం ఏజెన్సీలో గొడవ మొదలైంది షావుకారు తూకం దగ్గర. కొండమీద పండిన చింతపండు కుంచాల లెక్కన చవగ్గా పోయేది, ఉప్పూ బట్టా కొనబోతే ధర మండిపోయేది, అప్పు తీరక చివరికి భూమి పోయేది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. కేసు కోర్టులో నిలబడలేదు. ఆ తర్వాతే వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసంల వెనక జనం తుపాకీ దాకా వెళ్లారు. 1970 జూలైలో ఆ ఇద్దరు నాయకులూ చనిపోయారు. గిరిజన భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా బిగించిన 1/70 చట్టం వచ్చిందీ అదే ఏడాది.

నా ప్రశ్న: ఓట్లతో వచ్చిన ప్రభుత్వం తీవ్రవాదాన్నీ తిండి ధరలనూ ఎలా పట్టుకోవాలి? పార్టీల గోల వద్దు. అది కావాలంటే వేరే దారాలు బోలెడున్నాయి.

మాజీఖాకీ:
మంచి ప్రశ్నే గానీ, మొదటి పోస్టులోనే సగం తీర్పు ఇచ్చేశారు. నేను అవతలి వైపు నుంచి చెప్తాను. రేషన్ లారీ కొండెక్కాలంటే రోడ్డుండాలి. ఆ రోడ్డేసే కాంట్రాక్టరు ప్రొక్లెయినరు తగలబెట్టింది ఎవరు? కల్వర్టు కింద మందుపాతర పెట్టింది ఎవరు? లారీ ముందు బాంబు స్క్వాడు నడిచి, దారంతా తడిమి, తర్వాత బియ్యం బస్తాలు పైకి పంపిన రోజులు నాకు తెలుసు. డ్రైవరు ఎక్కనంటే బతిమాలుకోవాల్సి వచ్చేది. ముందు భద్రత, తర్వాతే ధర. 1989లో నక్సల్స్ కోసం ప్రత్యేకంగా గ్రేహౌండ్స్ పోలీసు దళం పెట్టకపోతే ఉత్తర తెలంగాణలో సర్పంచ్ ఎన్నికలు కూడా సరిగ్గా జరిగేవి కావు. దాన్ని నిర్మించిన పోలీసు అధికారి వ్యాస్ గారిని 1993లో ఎల్బీ స్టేడియంలో, సాయంత్రం నడకకు వెళ్తే కాల్చేశారు. ఆ మాట కూడా ఈ చర్చలో ఉండాలి.

వెదురుపూత:
ఇద్దరూ మన దగ్గరే తిరుగుతున్నారు. తిండికీ తుపాకీకీ నేరుగా ముడిపడిన కథ మన దేశంలో ఒకటుంది. అది మిజోరంది. నేను 2006 తర్వాత కొంతకాలం ఐజ్వాల్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేశాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అక్కడి కొండల మీద మౌతక్ అనే వెదురు సుమారు 48 ఏళ్లకోసారి ఒక్కసారిగా పూస్తుంది. ఆ కాయలు తిని ఎలుకలు లెక్కలేనంతగా పెరుగుతాయి. కాయలు అయిపోయాక వరి చేల మీద పడతాయి. దాన్ని మౌతామ్ అంటారు, అంటే కరువన్నమాట. ముసలివాళ్లకు పాత మౌతామ్‌లు గుర్తే. అప్పట్లో మిజో కొండలు అస్సాంలో ఒక జిల్లా. 1958లో జిల్లా కౌన్సిల్ ముందుగానే హెచ్చరించి 15 లక్షల రూపాయలు సాయం అడిగింది. వెదురు పూస్తే కరువొస్తుందనడం కొండవాళ్ల మూఢనమ్మకమని అప్పటి అస్సాం రాజధాని షిల్లాంగులో కొట్టిపారేశారు. 1959లో కరువు వచ్చింది.

అప్పుడు ఊరూరా బియ్యం మోసుకెళ్లి పంచడానికి ఒక సంఘం పుట్టింది. పేరు మిజో నేషనల్ ఫామిన్ ఫ్రంట్. 1961లో పేరులోంచి ‘ఫామిన్’ తీసేశారు, అది లాల్‌డెంగా నాయకత్వంలో రాజకీయ పార్టీ అయింది. 1966 మార్చి 1న స్వాతంత్ర్యం ప్రకటించి ఆయుధాలు పట్టింది. మార్చి 5న భారత వైమానిక దళం ఐజ్వాల్ మీద బాంబులు వేసింది. మన సొంత ఊరి మీద మన విమానాలు! 1967 నుంచి పల్లెలు ఖాళీ చేయించి జనాన్ని రోడ్ల పక్క శిబిరాలకు చేర్చారు. పాత ఇళ్లూ, అందులో మిగిలిన ధాన్యమూ తగలబెట్టారు, తిరుగుబాటుదారులకు తిండి దొరకకూడదని. కొండ పోడు మీద బతికేవాడు రేషన్ కార్డు పట్టుకుని క్యూలో నిలబడ్డాడు.

శాంతి ఒప్పందం 1986 జూన్ 30న కుదిరింది. ఇరవై ఏళ్లు పట్టింది. లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు, 1987లో రాష్ట్రం వచ్చింది.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. తర్వాతి మౌతామ్ 2007లో రావాలి, వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి జోరాంథంగా, అడవిలో లాల్‌డెంగా పక్కన ఉన్న మనిషి. వెదురు పూయకముందే కేంద్రం డబ్బుతో పథకం పెట్టారు, ఎలుక తోకకు ఇంతని రేటు కట్టారు. తోకలు కట్టలు కట్టి ఆఫీసుకు తెచ్చేవాళ్లు, గుమాస్తా ముక్కు మూసుకుని లెక్కపెట్టుకునేవాడు. పంట పోయింది. సాయం అందలేదని, డబ్బు పక్కదారి పట్టిందని జనం మండిపడ్డారు. 2008 ఎన్నికల్లో ఆ పార్టీ చిత్తుగా ఓడిపోయింది. అంతే. ఎవరూ అడవికి పోలేదు. 1959లో కోపం వచ్చినవాడు ఎవరిని ఓడించాలి? ప్రభుత్వం షిల్లాంగులో ఉంది, అసెంబ్లీలో అతని మాట వినే బలం లేదు. 2008లో ఓటుతో ఓడించడానికి సొంత ప్రభుత్వం ఎదురుగా ఉంది.

మాజీఖాకీ:
@వెదురుపూత ఈ కథ నాకు తెలియదు, బావుంది. కానీ 1966కీ 1986కీ మధ్య సైన్యం లేకపోతే ఒప్పందం కుదిరేదా? బలం చూపించిన తర్వాతే ఎదుటివాడు బల్ల దగ్గర కూర్చుంటాడు.

వెదురుపూత:
సైన్యం వద్దని ఎక్కడన్నాను సార్? పల్లెలు కాల్చడం వల్ల ఒప్పందం ఒక్కరోజైనా ముందుకొచ్చిందా అన్నదే నా అనుమానం. అక్కడి పెద్దవాళ్లు బాంబుల గురించి కంటే ఆ శిబిరాల గురించి, తగలబడిన ధాన్యం గురించి ఎక్కువ మాట్లాడేవాళ్లు.

లెక్కలపంతులు:
కరువు వేరు, ధరల పెరుగుదల వేరు. కరువులో సరుకే ఉండదు. ధర పెరిగినప్పుడు సరుకు ఉంటుంది, కొనే శక్తి ఉండదు. 2012 లెక్క మీద నడిచిన వినియోగదారుల ధరల సూచీలో తిండీ పానీయాల వాటా సుమారు 46 శాతం ఉండేది, పల్లె కుటుంబాలకైతే 54. అంటే టమాటా రేటు పెరిగితే హైదరాబాదులో విసుక్కుంటారు, చింతూరులో కూర మానేస్తారు.

ప్రభుత్వాలు చేసేవి నాలుగైదు పనులే. నిల్వలు బయటికి వదలడం, దిగుమతి సుంకం తగ్గించడం, ఎగుమతి ఆపడం, వ్యాపారి దగ్గర ఇంతకు మించి ఉండకూడదని పరిమితి పెట్టడం, గోడౌన్ల మీద దాడులు. టీవీకి బాగా పనికొచ్చేది చివరిది, ధరకు పెద్దగా పనికిరానిదీ అదే. 2015లో కందిపప్పు కిలో 200 దాటినప్పుడు దాడుల హడావుడి చూశాం. పప్పులకు పెద్ద నిల్వ ఉండాలన్న తెలివి ఆ తర్వాతే వచ్చింది. బియ్యం గోధుమలకు ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) ఎప్పటినుంచో ఉంది కాబట్టి వాటి ధర అంత అదుపు తప్పదు.

మండీదారి (మదనపల్లి):
పంతులు గారూ, ‘ధర తగ్గించాలి’ అని అందరూ తేలిగ్గా అనేస్తారు. ఎవరి ధర? 2023 జూలైలో టమాటా కిలో 150 దాటితే దేశమంతా గగ్గోలు. కేంద్రం మా మదనపల్లి వైపు నుంచి కూడా కొని ఢిల్లీలో 90కి అమ్మింది. మన ప్రభుత్వం రైతుబజార్లలో 50కి ఇచ్చింది. సంతోషం. అదే ఏడాది సెప్టెంబరుకి ధర పడిపోతే కోత కూలి గిట్టక కాయ రోడ్డు పక్కన పోసినప్పుడు ఏ మంత్రీ ప్రెస్‌మీట్ పెట్టలేదు. పెరిగినప్పుడు రాత్రికి రాత్రి కదిలే ఫైలు పడిపోయినప్పుడు ఎందుకు కదలదు? 2023 జూలైలో మామూలు తెల్ల బియ్యం ఎగుమతి ఆపారు, మళ్లీ వదిలింది 2024 సెప్టెంబరులో. ఆ ఏడాది పైగా కాలంలో వరి రైతుకు పోయిన బయటి ధర ఎవరు కట్టిచ్చారు?

లెక్కలపంతులు:
ఎవరూ కట్టివ్వలేదు. మీ మాట నిజమే. పట్నం ఓటు గొంతు పెద్దది.

డల్లాస్‌బాబాయ్:
ఇంత గందరగోళం ఎందుకు? బియ్యం, డిపోలు, గోడౌన్లు అన్నీ తీసేసి ప్రతి ఇంటికీ నెలకింత అకౌంట్లో వేసేస్తే పోలా? దొంగతనం ఉండదు, ఎగుమతి ఆపాల్సిన పనీ ఉండదు. మా దగ్గర ఫుడ్ స్టాంప్స్ కార్డులో పడతాయి, దుకాణంలో గీకి కొనుక్కుంటారు.

చింతూరుటీచరు:
డల్లాస్ బాబాయ్ గారూ, అకౌంట్లో పడిన డబ్బు తీసుకోవడానికి మా బడి పిల్లాడి అమ్మ ఆటో ఎక్కి మండలానికి పోవాలి. ఆ రోజు కూలి పోయింది, ఆటో ఖర్చు అదనం. అక్కడ సర్వర్ డౌన్ అంటే మళ్లీ రావాలి. చేతికొచ్చిన డబ్బుతో బియ్యం కొనే దుకాణం ఊళ్లో ఒక్కటే ఉంటే, ఆ షావుకారు ఎంతంటే అంత. ధర పెరిగినప్పుడు డబ్బు కరిగిపోతుంది, బియ్యం కరగదు.

డిపో ఎలా ఉంటుందో కూడా చెప్తాను. రేకుల షెడ్డు ముందు పొద్దున్నే సంచులు వరసగా పెట్టి ఉంటాయి, మనుషులు చెట్టు కింద. వేలిముద్ర మిషన్‌కి సిగ్నల్ కావాలి. సిగ్నల్ దొరికేది రోడ్డు మలుపు దగ్గర. సేల్స్‌మన్ మిషన్ పట్టుకుని మలుపు దగ్గరికి నడుస్తాడు, వెనక జనం. అక్కడ ముద్రలు వేసి మళ్లీ షెడ్డుకి వచ్చి బియ్యం తీసుకోవాలి. అడ్డాకులు కోసి కోసి, విస్తర్లు కుట్టి కుట్టి ముసలివాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయి, ముద్ర పడదు. ఇంట్లో ఇంకొకరిని తీసుకురమ్మంటారు. ఆ ఇంకొకరు మిరపకాయ కోతలకి వెళ్లి ఉంటారు. బియ్యం తప్ప కందిపప్పు, నూనె కావాలంటే సంతకే పోవాలి.

ఇక కార్డే లేనివాళ్లున్నారు. 2005లో సర్కారు అండతో మావోయిస్టుల మీదికి సల్వాజుడుం అనే గుంపు మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయల గుంపులు భద్రాచలం అడవుల్లో, ములుగు వైపు ఉన్నాయి. అటు దళమూ, ఇటు జుడుమూ తరిమితే వచ్చినవాళ్లు. ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రం రాదు, పోడు పట్టా రాదు, కొన్ని గుంపులకి రేషన్ కార్డూ లేదు. ఎదుటివాడి తుపాకీ లెక్కలో ఉన్నాడు గానీ మన బియ్యం లెక్కలో లేడు.

జగదల్‌పూర్‌తెలుగోడు:
సల్వాజుడుం పేరొచ్చింది కాబట్టి ఇక్కడి సంగతి. ఒకే ప్రభుత్వం, ఒకే కాలంలో, రెండు పనులు ఎలా చేసిందో చూడాలంటే మా ఛత్తీస్‌గఢ్ చూడండి. 2004లో ప్రైవేటు డీలర్ల దగ్గర నుంచి రేషన్ దుకాణాలు తీసేసి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు ఇచ్చారు. బియ్యం లారీలకు పసుపు రంగు వేశారు, దారి తప్పితే ఎవరైనా పట్టించేలా. అంతకుముందు సగానికి పైగా పక్కదారి పట్టే బియ్యం చాలావరకు ఇళ్లకు చేరడం మొదలైంది. బస్తర్ వైపు శనగలు కిలో 5 రూపాయలకి ఇచ్చారు. ముఖ్యమంత్రి రమణ్‌సింగ్‌కి ‘చావల్‌వాలే బాబా’ (బియ్యం బాబా) అని పేరొచ్చింది.

అదే రమణ్‌సింగ్ ప్రభుత్వం గిరిజన కుర్రాళ్లకి తుపాకులిచ్చి ఎస్పీఓలుగా, అంటే స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా పెట్టింది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని చెప్పి ఆపించింది. జుడుం కాలంలో లోపలి ఊళ్ల రేషన్ దుకాణాలు రోడ్డు పక్కకు, శిబిరాలకు వచ్చేశాయి. బియ్యం కావాలంటే అడవి దాటి రావాలి. వచ్చి రెండు నెలల బియ్యం ఒకేసారి మోసుకెళ్తుంటే ‘ఇంత బియ్యం ఎవరికి?’ అని ఆపేవాళ్లు. మిజోరంలో జరిగిందే. నలభై ఏళ్లయినా ఎవరూ ఆ ఫైలు తెరిచి చూడలేదు.

మాజీఖాకీ:
‘ఇంత బియ్యం ఎవరికి’ అని ఆపినవాళ్లలో మా వాళ్లూ ఉన్నారు. దళానికి బియ్యం ఊళ్లలోంచే వెళ్లేది, అది కట్టుకథ కాదు. ఇంటికి ఇంతని వసూలు చేసేవాళ్లు. మరి పోలీసు ఏం చేయాలంటారు?

జగదల్‌పూర్‌తెలుగోడు:
బియ్యం ఇవ్వనంటే దళం కొడుతుంది, ఇస్తే మీరు కొడతారు. అక్కడ మనిషి ఏం చేస్తాడు? దుకాణం ఊళ్లోనే ఉండి, వారం వారం కొంచెం కొంచెం ఇస్తే ఇంట్లో నిల్వ ఉండదు, దళం అడిగినా ‘లేదు’ అనగలడు. ఇది ఇక్కడి ఒక సర్పంచి చెప్పిన ఉపాయం, నాది కాదు.

పప్పుచారు:
రేషన్ డీలర్‌గా పనిచేసినవాణ్ణి, ఒక చేదు నిజం చెప్తా. మైదాన ప్రాంతంలో దొడ్డు బియ్యం చాలామంది తినరు. కిలో పదికో పన్నెండుకో ఏజెంటు సంచి పట్టుకుని ఇంటికే వస్తాడు. మిల్లులో పాలిష్ పట్టి మళ్లీ సర్కారుకో, ఓడరేవుకో. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఓడ దగ్గర జరిగిన తతంగం అందరూ చూశారు. ఆ బియ్యమే కొండమీద సరిపోక ఏడుస్తున్నారు. తెలంగాణలో 2025 ఉగాదికి సన్నబియ్యం మొదలుపెట్టారు, తింటారు కాబట్టి అమ్మరన్న లెక్క. ఆంధ్రాలో 2021లో ఇంటింటికీ బండ్లు పెట్టారు, 2025 జూన్‌లో తీసేసి మళ్లీ దుకాణాలకే వచ్చారు. ప్రభుత్వం మారినప్పుడల్లా బియ్యం వచ్చే దారి మారుతుంది. 1983లో ఎన్టీఆర్ 2 రూపాయలన్నారు, 90ల్లో మూడున్నర అయింది, మళ్లీ రెండయింది, మళ్లీ మూడున్నర, 2008లో వైఎస్ మళ్లీ రెండు, 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి ఒక్క రూపాయి. ఇప్పుడు ఉచితం. రేటు మీద అంత రాజకీయం, తూకం మీద మాత్రం సున్నా. బస్తాలో తరుగు ఎవరి జేబులోంచి పోవాలో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

కొండగాలి (పార్వతీపురం):
నేను మొదట అడిగినదానికి ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. మాజీఖాకీ గారి ‘ముందు భద్రత, తర్వాత ధర’ నాకు ఎక్కడం లేదు. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాలేదు మా దగ్గర. శ్రీకాకుళం 1970లో చల్లబడింది. 1/70 చట్టం కాగితం మీద ఉంది. పదేళ్లు తిరిగేసరికి, 1981 ఏప్రిల్ 20న, ఆదిలాబాద్ ఇంద్రవెల్లిలో అదే భూమి గొడవ మీద గోండుల సభ పెట్టబోతే పోలీసు కాల్పులు జరిగాయి. దానికి శిక్ష పడినవాడు లేడు, ఉత్తర తెలంగాణలో నక్సల్ పార్టీ పీపుల్స్‌వార్ ఎలా పెరిగిందో వేరే చెప్పక్కర్లేదు. తునికాకు కట్టకు 50 ఆకులు. ఆ కట్టకు పైసల్లో ఉన్న కూలి రేటు పెరిగింది దళం వచ్చాకే అని అక్కడి ముసలాయన అంటే, సర్కారు సిగ్గుపడాల్సిన మాట అది. లేబర్ ఆఫీసరు చేయాల్సిన పని తుపాకీ చేసింది.

అలాగని దళాన్ని ఎత్తుకోవడం లేదు. ఆ తుపాకీతోనే ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి, పంచాయతీ పెట్టి, ఎంతమంది కోయ, గోండు కుర్రాళ్లను చంపారు! అడిగే దిక్కు లేదు, అప్పీలు లేదు. ఎన్నికైన సర్కారు తప్పు చేస్తే కోర్టుంది, 2011 తీర్పు అలా వచ్చిందే.

మాజీఖాకీ:
చివరి రెండు వాక్యాలకి దండం. మొదటి దానికి మాత్రం ఒక్క మాట. ముందు భద్రత అన్నంత మాత్రాన సర్కారు దళంతో మాటలాడలేదని అనుకోవద్దు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో నాలుగు రోజులు కూర్చుని మాట్లాడాం. జానారెడ్డి గారు హోం మంత్రి, అవతల మావోయిస్టుల తరఫున రామకృష్ణ. ఐఏఎస్ అధికారిగా చేసిన శంకరన్ గారిలాంటి పెద్దమనిషి మధ్యలో ఉన్నారు. ఆయన్ని 1987లో గుర్తేడు దగ్గర దళమే కిడ్నాప్ చేసింది, అయినా ఆ తర్వాత రెండు వైపులా మాట్లాడుతూనే ఉన్నారు. అలాంటి మనిషి ఉండి కూడా 2005 జనవరికి చర్చలు ఆగిపోయాయి. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డి గారిని చంపారు, రెండు రోజుల్లో నిషేధం.

కొండగాలి (పార్వతీపురం):
చర్చలు ఎందుకు ఆగాయో మీ వైపు ఒక కథ, వాళ్ల వైపు ఒక కథ. నన్నడిగితే అక్కడ అసలు పోయింది వేరే ఉంది. చర్చల్లో భూమి పెద్ద డిమాండు. ప్రభుత్వం కోనేరు రంగారావు గారి అధ్యక్షతన భూమి కమిటీ వేసింది. మంచి నివేదికే ఇచ్చారు, ఎక్కడెక్కడ పేదల భూములు ఎలా పోయాయో చెప్పారు. దళం బల్ల దగ్గర నుంచి లేచిపోయినా ఆ నివేదికను పూర్తిగా అమలు చేయడానికి ఎవరు అడ్డం? భూమి పేదవాడిది, దళానిది కాదు కదా. ఎదుటివాడితో బేరం తెగిందని జనానికి ఇవ్వాల్సింది ఆపేస్తే, జనాన్నీ దళాన్నీ ఒకటిగా లెక్కేసినట్టే. ధరల విషయంలోనూ అంతే. 1956 నుంచి జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ఉంది, అటవీ సరుకు కొని నిత్యావసరాలు అమ్మడం దాని పని. షావుకారు తూకానికి విరుగుడు అప్పుడే తెలుసు. ఆ డిపోని తీవ్రవాదం ఉన్నా లేకపోయినా నడపాలి.

మండీదారి (మదనపల్లి):
అడవి సరుకుకి కొనుగోలు రేటు, మాకు టమాటాకి కింది రేటు: రెండూ ముందుగా ప్రకటించమనండి. పంట వేశాక కాదు.

డల్లాస్‌బాబాయ్:
టీచరు గారూ, మీ అకౌంటు మాట ఒప్పుకుంటున్నా. కానీ మైదానంలో తినని బియ్యానికి బదులు డబ్బు, కొండమీద బియ్యం అని వేరు చేయొచ్చు కదా? అందరికీ ఒకే మందు ఎందుకు?

పప్పుచారు:
వేరు చేస్తే రెండో రోజే మైదానం కార్డులన్నీ కొండ అడ్రసుకి మారిపోతాయి బాబాయ్. 😄 మా ఏజెంట్లని తక్కువ అంచనా వేయొద్దు.

చింతూరుటీచరు:
కొండగాలి గారూ, డిపో నడపడంతోనే అవదు. మా దగ్గర ఒక కొనుగోలు కేంద్రంలో చింతపండుకి రేటు బాగానే రాసి ఉంటుంది. డబ్బు మాత్రం వెంటనే ఇవ్వరు. సంతలో షావుకారు కిలోకి తక్కువే ఇస్తాడు, కానీ చేతిలో పెడతాడు, అదే చేత్తో నూనె, ఉల్లిపాయలు కొనుక్కుని సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. అందుకే బోర్డు మీద రేటు చూసి కూడా సంతకే నడుస్తారు.

మాజీఖాకీ:
టీచరు గారూ, ఆ కేంద్రంలో నగదు పెట్టనిది దోపిడీ భయంతోనా, పై నుంచి డబ్బు రాకా? మొదటిదైతే ఇప్పుడు ఆ భయం లేదు. స్టేషన్ నుంచి సంత రోజున ఇద్దరు కానిస్టేబుళ్లని కూర్చోబెడితే చాలు. నాకు తెలిసిన సీఐ ఒకాయన అటు వైపే ఉన్నాడు, అడిగి చూస్తాను.

చింతూరుటీచరు:
పై నుంచి రాకే సార్. అయినా అడగండి. చింతపండు ఇప్పుడిప్పుడే దిగుతోంది.